పెట్టె ప్రాంతానికా, మనిషికా?

2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆకాశవాణి, దూరదర్శన్ల కోసం ‘బైండ్’ అనే పథకానికి 2,539 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. అందులో మనకు సంబంధించిన మాట ఒకటుంది. మారుమూల, గిరిజన, సరిహద్దు, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల వాళ్లకు, ఆకాంక్ష జిల్లాల వాళ్లకు 8 లక్షలకు పైగా డీడీ ఫ్రీ డిష్ సెట్ టాప్ బాక్సులు ఉచితంగా ఇస్తామన్నారు. మంచిదే. కానీ ‘గిరిజనులకు’ అనలేదు, ‘గిరిజన ప్రాంతాలకు’ అన్నారు.

మేం యానాదులం, ఎరుకలం, సుగాలీలం, చెంచులం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువు కట్టల మీద, తండాల్లో, గూడేల్లో ఉంటాం. మాలో చాలామంది మిరపకోతలకు, పత్తితీతకు పోయి బతికేవాళ్లే. ఈ రెండు పాత జిల్లాల్లో ఒక్క ఊరు కూడా ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేదు. 2018లో ప్రకటించిన ఆకాంక్ష జిల్లాల్లో మన రాష్ట్రానివి విశాఖపట్నం, విజయనగరం, కడప. అక్కడా మేం లేం. కులం సర్టిఫికెట్‌కి పోతే మాత్రం తాతల కాలం నుంచీ లెక్క చెప్పమంటారు!

టీవీ పెట్టెకి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లున్నారు. 2020లో కరోనాకు బడులు మూసేస్తే పాఠాలు వచ్చింది దూరదర్శన్ సప్తగిరిలోనే. ఫోన్లున్నాయి కదా అంటారు. ఇంటికి ఒక్క ఫోను, అదీ నాన్నతో పాటు చేలోకి పోతుంది. టీవీ ఒక్కటుంటే పదిమంది పిల్లలు కూర్చుంటారు.

ఒకప్పుడు వెదురుగడకు యాంటెన్నా కడితే దూరదర్శన్ వచ్చేది. ఆ పాత ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దేశమంతటా ఓ యాభై మినహా మూసేశారు. ఇక కేబులు. 2011లో చట్టం మార్చి దానికీ బాక్సు తప్పనిసరి చేశారు, 2017 మార్చి నాటికి పల్లెలకూ ఆ గడువు ముగిసింది. 2017 డిసెంబరులో రాష్ట్రం ఫైబర్‌నెట్ తెచ్చింది, మొదట్లో నెలకు 149 రూపాయలే. ఈ రెండింటికీ గుడిసె దాకా తీగ రావాలి, నెలనెలా డబ్బు కట్టాలి. మూడు నెలలు కోతలకు పోయే ఇల్లు ఆ మూడు నెలలూ ఎవరి కోసం కట్టాలి?

2004 డిసెంబరులో మొదలైన ఫ్రీ డిష్‌కు ఆ బాధ లేదు. డిష్షు, దాని ముందుండే ఎల్ఎన్‌బీ, వైరు, బాక్సు ఒక్కసారి కొంటే సరి. తాటాకు దడికి బిగిస్తే గాలికి కదిలి బొమ్మ పోతుంది గానీ ఇనుప పైపు పాతితే నిలబడుతుంది. వలస పోయేటప్పుడు విప్పి మూట కట్టుకోవచ్చు. ఊరూరా తిరిగే మాలాంటివాళ్లకు ఇంతకంటే సరైనది లేదు. దాన్నే మాకు కాకుండా గీత గీశారు.

ఏజెన్సీ అన్నదమ్ముల వాటా తగ్గించమని మేం అనడం లేదు. వాళ్లకు అందాల్సిందే. కానీ గీత లేకపోతే గిరిజనుణ్ని గుర్తుపట్టలేమనే సాకు చెల్లదు. నెల్లూరులో యానాదుల కోసం ఐటీడీఏ ఉంది, శ్రీశైలంలో చెంచుల కోసం ఇంకొకటి ఉంది. షెడ్యూలు ప్రాంతం కాకుండానే మమ్మల్ని లెక్కపెట్టి పెట్టిన ఆఫీసులే కదా అవి! బాక్సుల జాబితా కూడా అక్కడే తయారుచేయండి, కుటుంబం పేరుతో.

టీచర్లకు, చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. మీ బడికొచ్చే కాలనీల్లో ఎన్ని ఇళ్లకు కరెంటు మీటరుంది, ఎన్నింటికి టీవీ ఉంది, ఎన్నింటికి బాక్సు లేదు, రాయండి. మీటరే లేని ఇంటికి బాక్సిచ్చి ఫొటో దిగిపోకుండా ముందు మీటరు అడగండి. ఆ కాగితం మీద ఇంటింటి సంతకమో వేలిముద్రో తీసుకుని, మిరపకోతలకు జనం కదలక ముందే ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి.