తల్లి పాల డైలాగూ... తల్లి జ్వరమూ!

"తల్లి పాలు తాగినవాడివైతే రారా!" అని హీరో తొడగొట్టగానే హాల్లో ఈలలే ఈలలు! ఆ పాలు పట్టే తల్లికి రొమ్ము రాయిలా గట్టిపడి, చలిజ్వరం వచ్చి వణికిపోతుంటే ఏం చెయ్యాలో మాత్రం నేను చూసిన ఏ సినిమాలోనూ లేదు. ఉండదు కూడా. ఆ సీనుకి ఈల పడదుగా మరి!

మా మంథని పక్క పల్లెలో నాకు చెల్లెలి వరసమ్మాయి ఉంది. బిడ్డకు నాలుగో నెల రాగానే పత్తి ఏరడానికి పోయింది. పొద్దున పోతే మళ్ళీ పొద్దుగూకాకే బిడ్డకు పాలు. రెండు నెలల్లో మూడుసార్లు వాపు, జ్వరం. మూడోసారి వాళ్ళత్త "పాలు ఇరిగినయ్ బిడ్డా, ఇగ బంజెయ్" అనేసింది. మరిది డబ్బా పాలకి బయల్దేరాడు కూడా.

విరగడం కాదండీ! పాలు లోపలే నిలవుండిపోతే వాపు వస్తుంది. చనుమొన పగిలి సూక్ష్మజీవులు చేరితే చీము పట్టే ప్రమాదమూ ఉంది. ఆ పాలు బిడ్డకేమీ చెయ్యవు. ఉన్నట్టుండి మానేస్తేనే తల్లికి బాధ ఎక్కువ. వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకమనేవాళ్ళు ఇదివరకు. తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ సంస్థ 2022లో ఆ మాట మార్చింది. గట్టి మర్దనా వద్దు, చల్లటి గుడ్డ వెయ్యండి, బిడ్డ అడిగినప్పుడల్లా పట్టండి, అంతేగాని ఖాళీ అయ్యేదాకా పిండకండి అంది. పిండినకొద్దీ ఊరతాయి కదా! ఒక రోజు గడిచినా జ్వరం తగ్గకపోతే ఆస్పత్రికి పోవాల్సిందే. ఒకేచోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే స్కానింగ్ చేయించాలి.

ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొస్తుంది. మరి నాలుగో నెలలో? మరిది డబ్బా మానేసి, మధ్యాహ్నం పూట తల్లినీ బిడ్డనీ ఆటోలో చేను దగ్గరికి పంపడం మొదలెట్టాడు. ఆ సీజన్లో నాలుగో జ్వరం రాలేదు.

అన్నట్టు, డబ్బా పాల ప్రకటనలు మన దేశంలో నిషేధమని తెలుసా? ఆ చట్టం 1992లో వచ్చింది. అప్పటి ప్రధాని ఎవరనుకున్నారు? 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యేగా ఉన్న పి.వి. నరసింహారావుగారే! 2016లో కేంద్రం తల్లిపాల ప్రచారానికి మాధురీ దీక్షిత్‌ని దింపింది. బాగానే ఉంది. మన తెలుగు హీరో ఎవరైనా చేనుగట్టున బిడ్డనెత్తుకుని నిలబడే సీను చేస్తానంటే, ఫస్ట్ షో టికెట్ నాదే!