తీగకి కులం కట్టిందెవరు?



దక్షిణ అమెరికాలో పరాగ్వే అని చిన్న దేశముంది. దాని రాజధాని అసున్సియోన్ నగరం పారబోసిన చెత్త కతేవురా అనేచోట గుట్టలుగా పేరుకుంది. ఆ గుట్టల్ని ఏరుకుని బతికే కుటుంబాలు పక్కనే కాపురముంటాయి. 2006లో ఫావియో చావెస్ అనే ఆయన అక్కడి పిల్లలకి సంగీతం నేర్పడం మొదలెట్టాడు. పిల్లలు ఎక్కువ, వాయిద్యాలు తక్కువ. వయొలిన్ కొందామంటే దాని ధర అక్కడి ఇంటి ధరని మించుతుంది. అప్పుడు నికొలాస్ గోమెస్ అనే చెత్త ఏరుకునే మనిషి, వడ్రంగం తెలిసినవాడు, రేకు డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాడు. డబ్బా వయొలిన్ బుర్రయింది. పాత ఫోర్కు తీగల కొసలు పట్టే కొక్కెమయింది. నూనె పీపా, నిలబెట్టి వాయించే సెల్లో అయింది. 2015లో ఆ పిల్లల మీద సినిమా వచ్చింది. లోకమంతా చప్పట్లు కొట్టింది.

దక్షిణాఫ్రికాలోనూ ఇదే కథ. నూనె డబ్బాకి కర్ర మెడ తగిలించి, చేపల గాలపు తాడు బిగించి నల్లవాళ్లు గిటారు చేసుకున్నారు. జులూలు దాన్ని ఇగోగోగో అంటారు.

చప్పట్లు కొట్టండి, మేం వద్దనం. కానీ చెత్తలోంచి సంగీతం పుట్టిందని మురిసిపోయే పెద్దమనుషులు, ఆ చెత్తలో మనుషులెందుకున్నారని అడగరేం? చెత్త పాడలేదు, డబ్బా పాడలేదు. పాడింది చెయ్యి. ఆ చేతికి గురువు దొరికాడు, నేర్చుకునే తీరిక దొరికింది. అంతే తేడా. లేమిని పొగిడి లేమిలోనే ఉంచేవాడు కళాభిమాని కాడు.

పిల్లలకి సైన్సు చెప్పుకునే వాళ్లం గనక ఒక్క మాట. తీగ ఒక్కటే మీటితే గొంతు పీలగా వస్తుంది. దాని అదురు బుర్రకి పాకి, లోపలి గాలిని కదిలిస్తేనే నలుగురికీ వినిపిస్తుంది. వీణకి పనసచెక్క కుండ, కిన్నెరకి సొరబుర్ర, డబ్బా గిటారుకి రేకు. గొంతులు వేరు, చేసే పని ఒకటే. ప్రకృతికి వీటిలో పైదీ లేదు, కిందదీ లేదు. మరి ఒకటి సరస్వతి ఒళ్లోకి, ఇంకొకటి వెలివాడలోకి ఎలా పోయాయి?

వయొలిన్ సంగతే చూడండి. అది తెల్లవాళ్ల వాయిద్యం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితార్ దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఆ రోజుల్లో దానికి బిగించేది పేగు తీగ. సముద్రం దాటొచ్చిన పేగుకి మైల అంటలేదు! ఇక్కడే పుట్టిన జమిడిక నరానికీ, డప్పు తోలుకీ మాత్రం అంటింది. మృదంగానికి మూసేదీ తోలే కదా! అంటే మైల తోల్లో లేదు, తీగలో లేదు. పట్టుకున్న మనిషి పుట్టుకలో పెట్టారు. ఇది సంగీతశాస్త్రం కాదు, మనువు శాస్త్రం.

కిన్నెర డక్కలి వాళ్ల సొత్తు. మాదిగల పుట్టుపూర్వాలు చెప్పే జాంబపురాణాన్ని తలలో మోసుకుని ఊరూరా తిరిగినవాళ్లు వాళ్లు. వాళ్లని మాదిగవాడకి కూడా బయటే నిలబెట్టిందీ కులవ్యవస్థ. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత అంటే ఇదే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషించాం. 2024లో అదే మొగులయ్య కూలిపనిలో కనిపించాడని పత్రికలు రాశాయి. కిన్నెరకి పన్నెండు మెట్లుంటే, వాయించేవాడికి ఎక్కడానికి ఒక్క మెట్టూ నిలకడగా లేదు. బిరుదు గోడకి వేలాడుతుంది, కడుపుకి ఆనదు.

అందుకే మేం అడిగేది దయ కాదు. గురుకులాల్లో, హాస్టళ్లలో మన పిల్లలకి కిన్నెర, జమిడిక, డప్పు నేర్పండి. నేర్పడానికి వాటిని తయారుచేసే చేతుల్నే పంతుళ్లుగా పెట్టండి. డిగ్రీ అడక్కండి, జీతం ఇవ్వండి. వీణ, వయొలిన్ కూడా అదే గదిలో ఉంచండి. మన పిల్లలు ఏది కావాలంటే అది పట్టుకుంటారు. కుల వాయిద్యాన్ని తలరాతలా మెడకి కట్టడం మాకొద్దు.

అందాకా మన వాడల్లో మనమే మొదలెడదాం. నూనె డబ్బా ఉంది, కర్ర ఉంది, సైకిలు బ్రేకు తీగ ఉంది. పిల్లలచేత చేయించండి. శ్రుతి కుదిరేదాకా పాడవనీ, పగలనీ, మళ్లీ చేయనీ. తన చేత్తో తీగ బిగించిన పిల్లాడు, దాన్ని తాకొద్దని శాసించినవాడి లెక్కకూడా అడుగుతాడు.

జై భీమ్!