డిష్ సత్తా ఎండలోనే తేల్చుకోవాలి

చెరకు రైతుకు ఎన్ని టన్నులు తోలామన్నది ఒక లెక్క, అందులోంచి ఎంత చక్కెర దిగిందన్నది ఇంకో లెక్క. రికవరీ శాతం తెలియనిదే ధర తేలదని బోధన్ ప్రాంతంలో ఎవరికైనా తెలుసు. డిష్ యాంటెన్నాకూ ఇదే వర్తిస్తుంది. 60 సెంటీమీటర్ల డిష్ 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర నూటికి నూరు పాళ్లు పనిచేసినా గెయిన్, అంటే సంకేతాన్ని ఒకవైపు కేంద్రీకరించే బలం, 36.4 డెసిబెల్స్ దాటదు. 60 పాళ్లు పనిచేస్తే 34 పైచిలుకు, 40 పాళ్లే అయితే 32.4. డిష్ వెడల్పు టేపుతో తెలుస్తుంది కానీ ఈ పాళ్లు తెలియవు. ఫీడ్ కిరణం డిష్ అంచులు దాటి ఎంత వృథాగా పోతోంది, రేకు ఎక్కడ వంగింది, డిష్ ముందుండి సంకేతాన్ని అందుకునే ఎల్ఎన్‌బీని మోసే కడ్డీ ఎంత కుంగిందన్న వాటిని బట్టి అవి మారుతుంటాయి. ఇక్కడ తరంగం పొడవు 3 సెంటీమీటర్లకు లోపే. రేకు మీద సగటున 1.8 మిల్లీమీటర్ల ఎగుడుదిగుడు ఉంటే చాలు, గెయిన్ దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే హ్యామ్ (అమెచ్యూర్) రేడియో వాళ్లు డిష్ గెయిన్‌ను కొలిచి తీరాలని, ఆ కొలత మన కాలేజీల్లోనే మొదలవ్వాలని నా వాదన.

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తి దగ్గర ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. మంజీర, హరిద్ర కలిసే ఈ చోట వరద ముంచుకొస్తే రాకపోకలు తెగిపోతాయి, కరెంటు పోతే టవర్ల బ్యాటరీలు ఎంతోసేపు నిలవవు. 2004 డిసెంబరు సునామీ వేళ హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం అండమాన్‌లో ఉండబట్టే అక్కడి కబుర్లు బయటికి వచ్చాయి. అప్పుడు ఆదుకున్నవి మామూలు యాంటెన్నాలే. ఈనాడు 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఎస్‌హెయిల్-2 ఉపగ్రహం ఉంది. 2018 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహంలో హ్యామ్‌ల కోసం రెండు ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయి. అవి 10.49 గిగాహెర్ట్జ్ దగ్గర కిందికి మాట్లాడతాయి. కందకుర్తి నుంచి చూస్తే ఉపగ్రహం పడమటి దిక్కున కాస్త దక్షిణంగా, నేల నుంచి 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చిన్న డిష్‌తో దాన్ని వినవచ్చు. ఎంత చిన్నదైతే చాలో చెప్పగలిగేది మాత్రం కొలతే.

కొలవడానికి పెద్ద ల్యాబ్ కావాలనే అభ్యంతరం సహజంగా వస్తుంది. ల్యాబ్ ఉంటే మంచిదే. అది లేనివాళ్లకు సూర్యుడున్నాడు. మార్చిలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్నాళ్లపాటు పగటిపూట కొద్ది నిమిషాలు డీటీహెచ్ బొమ్మ చెదిరిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఉపగ్రహం వెనక్కి వచ్చిన సూర్యుడి రేడియో గోల ఎల్ఎన్‌బీలోకి దూరడమే అందుకు కారణం. సూర్యుడి రేడియో గోలను కొలవడం మన రాష్ట్రానికి కొత్త విద్యేమీ కాదు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ వేధశాలలో 10 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పరిశీలించారు. పద్ధతి సులువు. రిసీవర్‌లో ఏజీసీని, అంటే బలాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటును, ఆపేయాలి. డిష్‌ను సూర్యుడి వైపు తిప్పి వచ్చే శక్తిని రాసుకోవాలి. తర్వాత అదే ఎత్తులో ఖాళీ ఆకాశం వైపు తిప్పి మళ్లీ రాసుకోవాలి. ఎల్ఎన్‌బీ వేడెక్కేకొద్దీ రీడింగు జారుతుంది కాబట్టి అటూ ఇటూ చకచకా తిప్పి పలుమార్లు చూడాలి. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రోజున, రిసీవర్ వ్యవస్థలోని గోల (సిస్టమ్ నాయిస్) 100 కెల్విన్ అనుకుంటే, 60 పాళ్లు పనిచేసే 60 సెంటీమీటర్ల డిష్‌కు ఈ తేడా 4 డెసిబెల్స్ దాటుతుంది. 40 పాళ్లదైతే 3 చిల్లర దగ్గరే ఆగుతుంది.

సూర్యుడు రోజుకో తీరుగా ఉంటాడు కదా అంటే, నిజమే. అందుకే ఆ రోజు ప్రకటించిన సౌర ఫ్లక్స్‌ను (సూర్యుడి రేడియో తీవ్రతను), మనం కొలిచే ఫ్రీక్వెన్సీకి దగ్గరి దాన్నే తీసుకోవాలి. కెనడా నుంచి రోజూ వచ్చే అంకె 2.8 గిగాహెర్ట్జ్‌ది, దాన్ని యథాతథంగా వాడితే లెక్క తప్పుతుంది. రెండు డిష్‌లలో ఏది మేలో తేల్చాలంటే ఆ అంకె కూడా అక్కర్లేదు. ఒకే ఎల్ఎన్‌బీతో, ఒకే గంటలో రెండింటినీ పోల్చితే సరిపోతుంది.

సూర్యుణ్ని వదిలేసి నేల మీదే కొలుద్దామన్న ప్రలోభం నది దగ్గరే ఉంది. శ్రీరాంసాగర్ జలాశయం బ్యాక్‌వాటర్ నిండినప్పుడు కందకుర్తి దగ్గర అడ్డూ ఆపూ లేని నీటి మైదానం కనబడుతుంది. ఆ ఒడ్డున ట్రాన్స్‌మిటర్, ఈ ఒడ్డున డిష్ పెడితే చాలనిపిస్తుంది. కానీ నీరు మైక్రోవేవ్‌కు అద్దంలా పనిచేస్తుంది. కిలోమీటరు దూరంలో, పదేసి మీటర్ల ఎత్తున రెండు చివరలూ ఉంటే, నేరుగా వచ్చే కిరణానికీ నీటి మీద పడి వచ్చేదానికీ మధ్య ఒక డిగ్రీ చిల్లరే తేడా. మన డిష్ కిరణం వెడల్పు సుమారు 3.3 డిగ్రీలు. రెండూ లోపలికి వచ్చేస్తాయి, ఒకచోట కూడుకుంటాయి, డిష్‌ను రెండడుగులు పైకో కిందికో జరిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అలా వచ్చిన అంకె నది గురించి చెబుతుందే తప్ప డిష్ గురించి చెప్పదు. ఆకాశం వైపు చూడమనడం అందుకే.

ఒకటి రెండు డెసిబెల్స్ కోసం ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లున్నారు. మూడు డెసిబెల్స్ పోయాయంటే శక్తి సగమైనట్టే. దాన్ని భర్తీ చేయాలంటే యాంప్లిఫయర్ రెట్టింపు కావాలి, బ్యాటరీ అంత త్వరగా అయిపోతుంది. వరద రాత్రి బ్యాటరీయే ఆధారం. నిజామాబాద్ పాలిటెక్నిక్, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర శాఖ ఈ కొలతను ప్రాక్టికల్స్‌లో చేర్చాలి. కావలసిందల్లా పాత డీటీహెచ్ డిష్, ఎల్ఎన్‌బీ, చిన్న రిసీవర్, మబ్బు లేని ఒక పూట.