అంగవైకల్యముగల పిల్లలు – రైతుల కర్తవ్యము

మన సీమలో కాడి ఎద్దు కుంటిన యెడల రైతు ఆ సాయంకాలమే దానిని పశువైద్యుని యొద్దకు తోలుకొని పోవును. బిడ్డ కుంటిన యెడల తలవ్రాత యనును. ఈ మాట కఠినమని కొందరు నొచ్చుకొనవచ్చును. అయినను పొలముల వెంట తిరుగు మాకు ఇది తరచు కనబడుచున్నది. బడి ఈడు వచ్చిన పిల్లను గడ్డివామి నీడను కోళ్ళకు కాపుంచి, "నడవలేని దానికి చదువెందుకండీ" యని పెద్దలే చెప్పుచుందురు.

ఈ తలవ్రాత వ్రాసినది పెక్కుచోట్ల మన బావినీరే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో నున్న కాలమున, ఆ జిల్లాలోని ఫ్లోరైడు జబ్బును గూర్చి షార్టు, పండిత్, రాఘవాచారి గారలు 1937లోనే ప్రకటించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన యెడల ఎదుగు ఎముక వంగును. ముదిరిన వంకర మందుతో తీరదు. ఇందు బిడ్డ చేసిన నేరమేమి? చూపులేని, వినికిడిలేని పిల్లల విషయములో కారణము వేరు కావచ్చును గాని నేరము వారిది కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నూటికి నలువది పాళ్ళు మొదలు వైకల్యముగల పిల్లలకు 6 ఏండ్ల నుండి 18 ఏండ్ల వరకు దగ్గరి బడిలోగాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య హక్కు. దయ కాదు, హక్కు. తీవ్ర వైకల్యముగలవారు ఇంటివద్దనే చదువుకొనవచ్చునని 2012లో విద్యాహక్కు చట్టమును సవరించిరి. అది మంచము దిగలేని బిడ్డకు మేలే. కాని కఱ్ఱ ఊతముతో రాగల పిల్లవానిని సయితము ఇంట నుంచుటకు అది సాకు కారాదు. మన రాష్ట్రమున 2024 జూలై నుండి వికలాంగుల పింఛను 3000 రూపాయల నుండి 6000 రూపాయలైనది. సంతోషమే. అయితే పైకము వచ్చుచున్నది గదా యని చదువు మాన్పించువారిని మేము మెచ్చజాలము.

మార్కాపురము పలకలు ఎన్ని దేశముల బడులకో పోయినవి. ఈ సీమ బిడ్డ చేతికే పలక అందకుండుట వింత గాదా!

ఇక మన సంఘము చేయదగినది కలదు. గిడ్డంగికి బస్తాలు దొర్లించుటకు వాలుబాట కట్టించుకొనువారము, బడి మెట్ల ప్రక్కను అట్టిదే యొకటి కట్టింపలేమా? ఎరువులు తెచ్చు బండి తిరుగు దారిలో ఇద్దరు పిల్లలను భవిత కేంద్రమున దింపిన యెడల చమురు ఖర్చు ఎంత పెరుగును? వచ్చు మహాజన సభకు ప్రతి సభ్యుడును తన వీధిలో బడికి పోని ఇట్టి పిల్లల పేర్లు వ్రాసికొని రావలెను. ఎరువుల లెక్కలకు ముందుగా ఆ పేర్లు చదువబడవలెనని మా కోరిక.