ఉన్న ర్యామంతా డేటాబేస్‌కేనా?

డేటాబేస్ నెమ్మదించిందంటే చాలు, మన ఆఫీసుల్లో వినిపించే సలహా ఒకటే: "ర్యామ్ పెంచండి, అందులో 80 శాతం దానికే ఇచ్చేయండి." సర్వర్ కొన్నదే అందుకు కదా, మిగతాది ఎవరి కోసం దాచాలి అన్నది వాదన. వినడానికి బాగానే ఉంది. పోస్ట్‌గ్రెస్ విషయంలో మాత్రం ఇది శుద్ధ తప్పు.

ఆ 80 శాతం మైఎస్‌క్యూఎల్ నుంచి వచ్చిన లెక్క. సర్వర్‌లో ఇంకేదీ నడవనప్పుడు ఇన్నోడీబీ బఫర్ పూల్‌కి అంతదాకా ఇవ్వొచ్చు. పోస్ట్‌గ్రెస్ తీరు వేరు. అది తన బఫర్లతో పాటు లినక్స్ ఫైల్ కాష్‌నీ నమ్ముకుంటుంది. అందుకే ఆ బఫర్ల సైజుని, అంటే షేర్డ్ బఫర్స్‌ని, ర్యామ్‌లో 25 శాతంతో మొదలుపెట్టమనీ, 40 దాటితే ఒరిగేది అరుదనీ దాని డాక్యుమెంటేషనే చెబుతోంది.

అసలు ముప్పు సార్ట్‌ల వంటి పనులకి మెమరీ పరిమితి పెట్టే వర్క్ మెమ్ సెట్టింగ్‌తో. డిఫాల్ట్ 4 ఎంబీ చూసి, "ఈ రోజుల్లో 4 ఎంబీ ఏమిటండీ!" అంటూ 256 చేసేస్తారు. ఆ పరిమితి సర్వర్ మొత్తానికి కాదు, ఒక కనెక్షన్‌కీ కాదు. క్వెరీలోని ఒక్కో సార్ట్‌కి, ఒక్కో హాష్‌కి విడివిడిగా వర్తిస్తుంది. 64 జీబీ సర్వర్‌లో 80 శాతం బఫర్లకి రాసిస్తే మిగిలేది 13 జీబీ లోపే. నెలాఖరున 100 కనెక్షన్లు తలా ఒక పెద్ద సార్ట్ మొదలుపెడితే కావలసింది 25 జీబీ. అప్పుడు మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను చంపేసే లినక్స్ ఓఓఎం కిల్లర్ దిగుతుంది. ఒక్క ప్రాసెస్సే కదా పోయేది అనుకోవడానికి లేదు: ఒకటి అలా చస్తే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి రికవరీకి వెళ్తుంది. వేగం కోసం చేసిన మార్పు సర్వీసునే ఆపేసిందన్నమాట.

అలాగని 4 ఎంబీతోనే సరిపెట్టుకోమనడం లేదు. లాగ్ టెంప్ ఫైల్స్ సెట్టింగ్‌ని సున్నా చేస్తే ఏ క్వెరీ డిస్క్ మీదికి పొంగుతోందో లాగ్‌లో తెలిసిపోతుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌లో 'ఎక్స్‌టర్నల్ మెర్జ్' కనిపిస్తే, ఆ రిపోర్ట్ నడిచే సెషన్‌కి మాత్రమే వర్క్ మెమ్ పెంచండి. పది వరసల కోసం కోటి వరసల టేబుల్ మొత్తం చదువుతుంటే దానికి కావలసింది ఇండెక్స్, ర్యామ్ కాదు. ఈ రెండూ చూడకుండా కొత్త ర్యామ్‌కి ఇండెంట్ పెడితే, దయచేసి సంతకం చేయకండి.