సూదికి చూపు కావాలి

రాత్రిపూట నాలుగైదుసార్లు లేవవలసి రావడం, మూత్రం ఆగి ఆగి రావడం ముసలితనంతో వచ్చేవేనని మన పల్లెల్లో సరిపెట్టుకోవడం పరిపాటి. చెప్పుకోవడానికి పెద్దాయనకు సిగ్గు, అడగడానికి కొడుకులకు మొహమాటం. ఈ బాధల్లో అధికభాగం ప్రోస్టేట్ గ్రంథి వయసుతోపాటు ఉబ్బడంవల్ల వచ్చేవే, క్యాన్సర్ కాదు. కాని నిజంగా క్యాన్సర్ వున్నవారు కొందరు నడుంనొప్పికి తైలం రాసుకుంటూ కాలం గడిపి, జబ్బు ఎముకలకు పాకిన తరువాత పట్నం ఆస్పత్రికి చేరడం శోచనీయం.

రక్తంలో చేసే పి.ఎస్.ఎ. పరీక్ష అనుమానం మాత్రమే కలిగిస్తుంది. గ్రంథి ఉబ్బినా, చీము పట్టినా ఆ అంకె పెరుగుతుంది. జబ్బు అవునో కాదో తేల్చేది బయాప్సీ, అంటే ముక్క పరీక్ష. అల్ట్రాసౌండ్ సాయంతో గ్రంథిలో పన్నెండుచోట్ల సూది గుచ్చి ముక్కలు తీయడం చాలాకాలంగా వున్న పద్ధతి. అందులో గ్రంథి కనిపిస్తుందిగాని లోపలి గడ్డ చాలాసార్లు కనిపించదు. నీటి జాడ చూడకుండా పొలంలో పన్నెండు బోర్లు వేయడంవంటిదే ఇది.

ముందుగా ఎం.ఆర్.ఐ. స్కానింగ్ తీస్తే అనుమానించవలసిన చోటు తెలుస్తుంది. ఆ బొమ్మను ఆధారం చేసుకుని సూదిని సరిగా అక్కడికే పంపవచ్చు. 2018లో వెలువడిన ‘ప్రెసిషన్’ అధ్యయనంలో 11 దేశాలకు చెందిన 500 మందిని పరిశీలించారు. పాత పద్ధతిలో నూటికి 26 మందిలో ప్రమాదకరమైన క్యాన్సర్ బయటపడగా, ముందు స్కానింగ్ చేసిన వారిలో 38 మందిలో బయటపడింది. పైగా స్కానింగ్ చేసిన వారిలో నూటికి 28 మందికి సూది అవసరమే లేకపోయింది. అయితే స్కానింగులో ఏమీ కనిపించనంత మాత్రాన జబ్బు లేదని నూటికి నూరుపాళ్లూ చెప్పలేం. ఆ నిర్ణయం డాక్టరుదే.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందనే భయం పల్లెల్లో బలంగా వుంది. ఈ పరీక్షలో అలా జరగడం అత్యంత అరుదు. కొద్దిరోజులు మూత్రంలో రక్తపుజీర కనిపించవచ్చు. చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మధుమేహం వున్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. క్యాన్సర్ అని తేలినా భయపడనక్కరలేదు. నెమ్మదిగా పెరిగే రకానికి వెంటనే కోత అక్కరలేక, పరీక్షలు చేస్తూ కనిపెట్టి వుంటే చాలునని డాక్టర్లు చెప్పే సందర్భాలు అనేకం.

ఈ సౌకర్యం పట్నవాసులకే పరిమితం కారాదు. నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, చీటీ పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగే స్తోమత రైతుకూలీకి ఎక్కడిది? జిల్లా ఆస్పత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం వుండాలి. దాన్ని చదవగల డాక్టరు, ముక్క తీసే మూత్రవ్యాధుల నిపుణుడు, దాన్ని పరీక్షించే లాబొరేటరీ కూడా వుండాలి. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా తక్కినవి వృథా. ప్రభుత్వం ఈ నాలుగింటిని ఒకేచోట సమకూర్చాలి.

అంతవరకు ఇళ్లలోని వారు చేయగల పని ఒకటి వుంది. తండ్రి రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నాడో కొడుకు సిగ్గుపడకుండా అడగాలి.