చక్రాల మీద ఇల్లు... కరెంటుకీ వంతులే!

జూన్ దగ్గరపడుతోందంటే మా ఆత్రేయపురంలో రెండే కబుర్లు. ఒకటి, కాలువలకి నీళ్లెప్పుడు వదులుతారన్నది. రెండోది, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఎవరెవరు ప్రయాణం కడుతున్నారన్నది. మొన్న మా వీధిలో ఒకావిడ పూతరేకుల డబ్బాలు సర్దుకుంటూ అడిగారు. ‘ఏవండీ, ఈసారి మా అల్లుడుగారు అక్కడ ఆర్‌వీ బుక్ చేశారట. ఇల్లూ బండీ ఒకటేనట కదా! మీరు తిరిగొచ్చారుగా, మాలాంటి వాళ్లకి కుదురుతుందా?’ అని.

ఎందుకు కుదరదూ! మన గూడుబండి లేదూ, అదే ఇది. మా నాయనమ్మ వాళ్లు అంతర్వేది తీర్థానికి బండి కట్టుకుని వెళ్లేవారట. బియ్యం, పప్పు, చాప, పిల్లలు... అన్నీ అందులోనే. ఎద్దులకి గడ్డీ నీళ్లూ దొరికే చోట మకాం. ఆర్‌వీలోనూ అంతే. ముందు డ్రైవరు సీటు, వెనక పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, స్నానాలగది. కాకపోతే దీనికి గడ్డి బదులు కరెంటు కావాలి. ఆ ఒక్క తేడా సరిగ్గా తెలుసుకోకే మొదటిరాత్రి మేమంతా జాగారం చేశాం.

లైట్లు వెలుగుతున్నాయి... కరెంటు లేదు!

2024 జూన్ సంగతిది. మా అమ్మాయి వాళ్లుండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన. గ్రాండ్ కేన్యన్ చూపిస్తామని ఆర్‌వీ అద్దెకి తీసుకున్నారు. బండి చేతికొచ్చేసరికే సాయంత్రమైంది. ఊరు దాటి కొంతదూరం వెళ్లి, ఓ పాత క్యాంపుగ్రౌండులో ఆగాం. బయట వేడి సంగతి చెప్పక్కర్లేదు, మన రోహిణి కార్తె దిగదుడుపే. కరెంటు తీగ తగిలించారు. ఏసీ చల్లగా వచ్చింది. కుక్కర్లో అన్నం వండుకుని, తెచ్చుకున్న ఆవకాయతో తిని పడుకున్నాం.

మా మనవరాలు తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. డ్రయ్యర్ టక్కున ఆగిపోయింది. వేడెక్కిందేమో అనుకుని పక్కన పెట్టేసింది. ఏసీ కూడా ఆగింది. చల్లబడింది కదా, దానంతటదే ఆగి ఉంటుందనుకున్నాం. ఎందుకంటే లైట్లు శుభ్రంగా వెలుగుతున్నాయి మరి!

రాత్రి రెండింటికి ఉక్కపోతకి మెలకువొచ్చింది. నీళ్లకోసం లేస్తే ఫ్రిజ్ మీద ఎర్రలైటు. గుండె జారిపోయింది. అందులో మావారి ఇన్సులిన్ ఉంది. నెలకి సరిపడా పెన్నులు, అన్నీ అందులోనే పెట్టాను!

అల్లుడుగారు జనరేటరు వేయబోతే మా అమ్మాయి ఆపింది. రాత్రిపూట నిశ్శబ్దం పాటించాలని అక్కడ బోర్డు ఉంది. ఈ హడావిడికి పక్క బండిలోని పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. బయట కరెంటు పెట్టె మూత తీశాడు. అందులో బ్రేకర్ పడిపోయి ఉంది. మన ఇళ్లల్లో ఎంసీబీ ట్రిప్ అవుతుందే, అదే. హీటరూ ఏసీ ఆపించి, మీటని పూర్తిగా కిందికి నొక్కి, మళ్లీ పైకి వేశాడు. ఫ్రిజ్ ప్రాణం పోసుకుంది.

తలుపు తీయలేదు కాబట్టి లోపల చల్లదనం నిలిచే ఉంది. అయినా మా అమ్మాయి డాక్టరు స్నేహితురాలికి ఫోను చేసి, ఆవిడ ‘ఫరవాలేదు’ అనేదాకా ఎవరికీ కన్ను మూతపడితే ఒట్టు!

మూడు కాలువల లెక్క

తెల్లారాక ఆ పెద్దాయన కాఫీ తాగుతూ అంతా విడమర్చి చెప్పాడు. బండిలో శక్తి మూడు దారుల్లో వస్తుంది. లైట్లు, నీళ్ల పంపు, చిన్న ఫ్యాన్లు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడకున్న ప్లగ్గులు బయటి కరెంటు మీదో జనరేటరు మీదో నడుస్తాయి. పొయ్యి గ్యాసు మీద వెలుగుతుంది. నీళ్ల హీటరు, ఫ్రిజ్ చాలా బళ్లల్లో గ్యాసుతోనైనా, కరెంటుతోనైనా పనిచేస్తాయి.

మా తప్పు ఎక్కడంటే... బండి నడిపేటప్పుడు గ్యాసు కట్టేశాం. అది మంచిపనే. దిగాక మళ్లీ తెరవడం మర్చిపోయాం. కరెంటు పోగానే ఫ్రిజ్ గ్యాసుకి మారబోయింది, గ్యాసు లేదు. కాబట్టి గుర్తుపెట్టుకోండి, లైటు వెలిగినంత మాత్రాన కరెంటు ఉన్నట్టు కాదు. మైక్రోవేవ్ గడియారం వెలుగుతోందా లేదా చూసుకోండి.

శివారు చేనుకి నీరందాలంటే...

ఇంతకీ బ్రేకర్ ఎందుకు పడిపోయిందంటారా? మా ఊరికి దగ్గర్లో లొల్ల లాకులున్నాయి. పెద్దకాలువ నీళ్లు అక్కడ చీలి వేరే కాలువల్లోకి వెళ్తాయి. దాళ్వాకి నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెడతారు. ఈ నాలుగు రోజులు మీకు, తర్వాత వాళ్లకి. అందరూ ఒక్కసారే తూము లేపితే శివారు చేను ఎండిపోతుంది. ఆర్‌వీలో కరెంటు కూడా సరిగ్గా ఇంతే!

అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు. మామూలు ఆర్‌వీకి 30 ఆంపియర్ల కనెక్షను. రెండూ హెచ్చవేస్తే 3600 వాట్లు. ఇదే మన కాలువ. గంటలకొద్దీ నడిచే వాటికైతే ఇందులో 80 శాతం, అంటే 2900 దాటకుండా చూసుకోవడం మంచిది. ఏసీకి ఇంచుమించు 1500. కరెంటు మీద పెట్టిన నీళ్ల హీటరుకి 1400. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుకి 1500. టీ కెటిలుకీ అంతే. రైస్ కుక్కరుకి 600 అనుకోండి. ఆ రాత్రి మేం ఏసీ, హీటరు, డ్రయ్యరు కలిపి 4400 లాగాం. పడక ఏం చేస్తుంది?

ఏసీ, కుక్కరు కలిసి నడవొచ్చు. కెటిల్ పెట్టాలంటే ఏసీ అయిదు నిమిషాలు ఆపాలి. నీళ్ల హీటరుని గ్యాసుకి మార్చేస్తే సగం గొడవ తీరిపోతుంది.

పెద్ద బళ్లకి 50 ఆంపియర్ల కనెక్షను ఉంటుంది. దానికి నాలుగు పుల్లల ప్లగ్గు, రెండు లైన్లు. కాబట్టి 12,000 వాట్ల దాకా వస్తుంది. 30 ఆంపియర్ల ప్లగ్గుకి మూడు పుల్లలే. 50 బండిని అడాప్టరుతో 30 పెట్టెకి తగిలించుకోవచ్చు గానీ, అప్పుడు వచ్చేది 30 నీళ్లే. ఇంకో మాట, ఇంట్లో బట్టలారబెట్టే మెషీను ప్లగ్గు దీనికి చుట్టంలా కనిపిస్తుంది. అది 240 వోల్టులు! తెలిసిన ఎలక్ట్రీషియను చూడకుండా ఇంటి దగ్గర ఆర్‌వీకి కరెంటు ఇవ్వకండి. మన మిక్సీ కూడా మోసుకెళ్లకండి. అది 230 వోల్టులది, అక్కడ పచ్చడి నలగదు.

పెట్టె దగ్గర పద్ధతులు

- ముందు పెట్టెలో బ్రేకర్ ఆపండి. ప్లగ్గు పెట్టండి. ఆ తర్వాతే బ్రేకర్ వేయండి. తీసేటప్పుడు ముందు ఏసీ, తర్వాత బ్రేకర్, చివర ప్లగ్గు.
- సాకెట్టు నల్లగా మాడినా, ప్లగ్గు వదులుగా ఊగినా ఆ చోటు వద్దని చెప్పి ఇంకోటి అడగండి. మొహమాటం పనికిరాదు.
- వోల్టేజీ హెచ్చుతగ్గులైనా, వైరింగు తప్పుగా ఉన్నా కరెంటు ఆపేసే రక్షణ పరికరాలున్నాయి. అద్దె బండితో ఇస్తారేమో అడగండి.
- తలుపు పిడి పట్టుకుంటే జిల్లుమందా? ఇంకోసారి ముట్టుకుని చూడకండి. వెంటనే పెట్టెలో బ్రేకర్ ఆపించి, ఆఫీసుకి చెప్పండి.
- సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలు వాడొద్దు. చుట్టచుట్టిన తీగ మీద ఏసీ నడిపితే తీగే పొయ్యి అవుతుంది.

ఎక్కడ దిగాలి?

‘ఫుల్ హుకప్’ అంటే కరెంటు, నీళ్లు, మురుగు మూడు కనెక్షన్లూ ఉన్న చోటు. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఇదే వెతకండి. అందమైన చోటల్లా ఇది ఉండదు. యోసెమిటీ పార్కు క్యాంపుగ్రౌండుల్లో హుకప్పులే లేవు. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి ఆర్‌వీ పార్కులో ఒక్కచోటే మూడూ ఉంటాయి. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచున పక్కపక్కనే రెండున్నాయి. మాథర్ క్యాంపుగ్రౌండులో హుకప్పుల్లేవు, ట్రైలర్ విలేజిలో ఉన్నాయి. పేరు చూసి కాదు, వివరం చదివి బుక్ చేయించండి. ప్రభుత్వ పార్కుల్లో చాలావాటికి ఆరు నెలల ముందే బుకింగు మొదలవుతుంది, త్వరగా అయిపోతుంది కూడా. బండి పొడవెంతో ముందే తెలుసుకోండి. కొన్ని చోట్ల పొడవాటి బండిని రానివ్వరు.

మేం రెండోరోజు ట్రైలర్ విలేజిలో దిగాం. అది సముద్రమట్టానికి దాదాపు 7000 అడుగుల ఎత్తు. ముందురాత్రి చెమటలు, ఆ రాత్రి రెండేసి దుప్పట్లు! గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ఇలాంటి ఎత్తులకి డాక్టర్ని అడిగే వెళ్లండి.

మందులు, నీళ్లు, పోపు

వాడని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. వాడుకలో ఉన్న పెన్ను గది వేడిలో కొన్నాళ్లు నిలుస్తుంది. ఎన్నాళ్లన్నది మందునిబట్టి మారుతుంది, పెట్టెలో కాగితం చదవండి. నాలాగా మొత్తం ఒకేచోట పెట్టకండి. సగం ఇంట్లో ఫ్రిజ్‌లో వదిలి, ప్రయాణానికి కావలసినవే, కాస్త అదనంగా పట్టుకెళ్లండి. ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటరు పెడితే నిశ్చింత.

నీళ్ల ట్యాంకు చిన్నది. మురుగు ట్యాంకులు రెండు. మరుగుదొడ్డిది వేరు, స్నానం, వంట నీళ్లది వేరు. ఖాళీ చేసేటప్పుడు మరుగుదొడ్డిది ముందు వదిలి, సబ్బునీళ్లది తర్వాత వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. అదీ చెప్పిన చోటే! బండి కదులుతున్నప్పుడు మంచాల మీద పడుకోవడాలు, లేచి టీ పెట్టడాలు కుదరవు. అందరూ సీట్లలో బెల్టులు పెట్టుకోవాల్సిందే.

ఇక పోపు. ఆవాలు చిటపటమనగానే పొగ అలారం గీపెడుతుంది. విసుగొచ్చి దాని బ్యాటరీ పీకే మహానుభావులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పొయ్యి మీది ఫ్యాను వేసి, కిటికీ తీయండి చాలు. చలికి గ్యాసుపొయ్యి వెలిగించుకుని కాచుకోవడం అంతకంటే ప్రమాదం.

మనదాకా వచ్చింది

ఇదంతా అమెరికా గొడవే కదా అనకండి. కేరళ 2021లోనే ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఇలాంటి బళ్లకి దారి తెరిచింది. ఆ కేరళలోనే, 2024 డిసెంబరులో వడకర దగ్గర రోడ్డుపక్కన ఆగిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి లోపలికొచ్చిన కార్బన్ మోనాక్సైడే కారణమని పరిశీలనలో తేలింది. ఆ వాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అందుకే అది పసిగట్టే అలారం లేని బండిలో పడుకోవద్దు, మూసిన బండిలో ఇంజనో జనరేటరో నడుపుతూ అసలే వద్దు.

2027లో గోదావరి పుష్కరాలు. ఎక్కడెక్కడినుంచో వ్యాన్లలో, టెంపోల్లో చుట్టాలొస్తారు. గట్టునే ఆపి, పక్క కొట్టులోంచి తీగ లాక్కుని ఫ్యాను పెట్టుకుంటారు. తడినేల, తడిబట్టలు, వట్టికాళ్లు, మధ్యలో టేపు చుట్టిన అతుకు... చెప్పక్కర్లేదుగా! అతుకుల్లేని తీగ, ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, షాకు తగిలితే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ ఉన్న కనెక్షను... ఈ మూడూ లేకపోతే ఆ పూటకి విసనకర్రే మేలు.

అన్నట్టు, కాలువల మీద తూములెత్తడానికీ దించడానికీ లస్కరు ఉంటాడు. మిగతా ప్రయాణమంతా మా బండికి లస్కర్ని నేనే! గ్యాసు తెరిచామా, బ్రేకర్ నిలబడిందా, ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలు... దిగగానే పుస్తకంలో టిక్కు పెట్టేదాన్ని. మీ ఇంట్లోనూ ఒకరికి ఆ పని అప్పగించండి. నలుగురి పనైతే అది ఎవరి పనీ కాదు.

ఆఖరిరోజుకి మనవరాలు డ్రయ్యరు పట్టుకుని వచ్చి అడిగింది, ‘అమ్మమ్మా, ఇప్పుడు నా వంతేనా?’ అని.

ఏసీ ఆపి, ‘ఊఁ, కానీ’ అన్నాను.